ఎగరని గొర్రెలాయన

మొన్న ఆదివారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు, మార్కాపురంలో మా తమ్ముడి దుకాణంలో ఉన్న ఆఖరి వీడియో గేమ్ మిషను ఆగిపోయింది. టైము ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, సరిగ్గా అప్పుడే మా మరదలు గోడ గడియారం చూసి, ఎసరు పెట్టాలని లేవబోయింది. తెర మీద బొమ్మలు పైనుంచీ కిందనుంచీ నొక్కుకుపోయి అడ్డంగా ఒక తెల్లగీత మిగిలింది. గీత చుక్కయింది. చుక్క ఆరిపోయింది. వెనక చెక్కల సందులోంచి సన్నగా పొగ, కాలిన తీగ వాసన. నేనే లేచి ప్లగ్గు పీకేశాను. మనుషుల చావులు చూసినదాన్ని, మిషను చావు నాకొక లెక్కా అనుకున్నాను. తిరిగి చూస్తే మా తమ్ముడి కుడిచెయ్యి ఇంకా హ్యాండిలు మీదే ఉంది. నల్లటి అద్దంలోకి చూస్తూ తిప్పుతూనే ఉన్నాడు.

ఈ మిషను ఎట్లా ఉంటుందో ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. మనిషెత్తు చెక్కపెట్టె. అందులో లావుపాటి టీవీ, దాని కింద బల్ల, బల్ల మీద ఇద్దరికి రెండు హ్యాండిళ్ళు, కొన్ని బటన్లు. బిళ్ళ వేస్తే తెరలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు. అంతే ఆట. దీనికోసం పరీక్షలు ఎగ్గొట్టినవాళ్ళను చూశాను, సొంత పెళ్ళిచూపులకు ఆలస్యంగా పోయినవాణ్ణీ చూశాను. మా ఊరి పలకలు లారీల్లో విజయవాడకు పోయేవి. ఖాళీగా తిరిగొచ్చే ఒక లారీలో మా తమ్ముడు మొదటి మిషను ఎక్కించుకొచ్చాడు. పరుపు చుట్టి, తాళ్ళతో కట్టి, దారి పొడుగునా దాన్ని వాటేసుకొని కూర్చున్నాడట. కొత్త పెళ్ళికూతురిగా తనను కూడా అంత జాగ్రత్తగా తీసుకురాలేదని మా మరదలు ఇప్పటికీ దెప్పుతుంది. అప్పటికి నేను పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే చోట పనిచేసేదాన్ని. దగ్గు పట్టుకుంది. "దుమ్ము తిన్నది చాల్లే అక్కా, వచ్చి గల్లా కాడ కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను గానీ నాకు అక్షరం ముక్క రాదు. పలకలు చేసి దేశానికి పంపే ఊళ్ళో పుట్టాను, ఆ పలకలే నా చేతుల మీదుగా పోయాయి, ఒక్కదాని మీదా నేను గీత గీయలేదు. మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది, ఇంకే ఊళ్ళోనూ ఉండి ఉండదు. ఆటలో వంతు కావాలంటే విరిగిన పలక ముక్క మీద బలపంతో పేరు రాసి మిషను నెత్తిన పెట్టాలి. గెలిచినవాడు ఆడుతూనే ఉంటాడు, ఓడినవాడు తప్పుకుంటాడు, వరసలో ముందున్న ముక్క తీసి నేను పేరు పిలవాలి. విరిగిన ముక్కలు ఫ్యాక్టరీల వెనక కుప్పలుగా పడి ఉండేవి, వాటికి కొదవ లేదు. చదవడం రాదు కాబట్టి ముక్క ఆకారాన్ని బట్టి పిలిచేదాన్ని. మూల విరిగింది ఒకడిది, పొడుగ్గా ఉన్నది ఇంకొకడిది. ఎవడో తుంటరి ఈ సంగతి కనిపెట్టి, తన ముక్కను పక్కవాడి ముక్క ఆకారానికి కొట్టుకొని తెచ్చాడు. వంతులు తారుమారై కాలర్లు పట్టుకునేదాకా పోయింది. ఆ సాయంత్రం మా తమ్ముడు ఆ ముక్కలే ముందేసుకొని నాకు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టాడు. అందరూ అ ఆలతో మొదలుపెడతారు, నేను కొట్లాటకొచ్చినవాళ్ళ పేర్లతో మొదలుపెట్టాను. నలభై దాటినదాన్ని, చెప్పింది చెప్పినట్టే మరిచిపోయేదాన్ని. విసుక్కునేది నేను, వాడు కాదు.

ఆ ముక్కల మీద ఎక్కువగా కనపడిన పేర్లు రెండు. ఒకటి గిద్దలూరు శెట్టిది. బట్టల దుకాణం వాళ్ళబ్బాయి, ఇక్కడ కాలేజీలో చదువుతున్నానని ఇంట్లో చెప్పి మా దగ్గర చదివాడు. రెండోది రాచర్ల అల్లుడిది. అల్లుడంటే చుట్టరికమేమీ లేదు, నన్ను అత్తా అంటాడు, మా తమ్ముణ్ణి మామా అంటాడు, అంతే. వాళ్ళది మెట్టసేద్యం, గొర్రెలు. ఇప్పుడు ఇద్దరికీ తల నెరిసింది, ఇద్దరి మధ్యా తెగని తగాదా మాత్రం అట్లాగే ఉంది. అది గొర్రెలాయన గురించి. ఆటలో ఉంగరాల తెల్లజుట్టు మల్లుడు ఒకడున్నాడు. అసలు పేరేదో ఇంగ్లీషులో ఉండేది, మావాళ్ళు గొర్రెలాయన అన్నారు. ఆట రెండో భాగం మా మిషనులోకి వచ్చినప్పుడు, హ్యాండిలు కిందికి లాగి, గుండ్రంగా తిప్పి, బటను నొక్కితే గొర్రెలాయన గాల్లోకి లేచి, అక్కడే కాసేపు నిలబడి, ఎదుటివాడి నెత్తిన దూకేవాడు. మా తమ్ముడికి ఆడటానికి ఇంకెవరూ అక్కర్లేదు, గొర్రెలాయన చాలు. అట్లా ఉండగా శెట్టి విజయవాడ పోయి అక్కడి పెద్ద దుకాణంలో ఇదే ఆట చూసొచ్చాడు.

"మన మిషనులో ఆట ఉండే బోర్డే డూప్లికేట్. ఎవడో మధ్యలో కెలికినాడు. అసలుదాంట్లో గొర్రెలాయన ఎగరడు" అన్నాడు.

"నువ్వు చూసిందే డూప్లికేటేమో శెట్టీ. ఎగిరేటోణ్ణి చేసినోడు అసలోడా, నేల మీద పొర్లేటోణ్ణి చేసినోడా?" అన్నాడు అల్లుడు.

అదీ మొదలు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, వాదన ఆగలేదు. ఫోన్లు వచ్చాక అల్లుడు గొర్రెలను బీట్లోకి తోలి, బండ మీద కూర్చొని, ముక్కూ మొహం తెలియని దేశాలవాళ్ళతో కూడా ఇదే తగాదా పెట్టుకున్నాడు. వాళ్ళు నవ్వే బొమ్మలు పంపేవారట. "వాళ్ళకేం తెలుసత్తా, మార్కాపురం వచ్చి చూసినారా ఎప్పుడన్నా?" అనేవాడు.

ఈలోగా దుకాణం చిక్కిపోయింది. మొదట కలిగినవాళ్ళ ఇళ్ళలోకి టీవీకి తగిలించుకునే ఆట డబ్బాలొచ్చాయి, తరవాత నెట్ సెంటర్లు, ఆ తరవాత ప్రతి జేబులోకీ ఫోను. దర్శిలో దుకాణం మూశారని ఒకరు, గిద్దలూరులో మూశారని ఒకరు వచ్చి చెప్పేవారు, పక్కింట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందన్నట్టు గొంతు తగ్గించి. మా మిషన్లూ ఒకటి తరవాత ఒకటి ఇనపకొట్టుకు పోయాయి. ఆ స్థలంలో మా మరదలు జిరాక్సు పెట్టింది, రీచార్జి పెట్టింది, ఇల్లు నిలబెట్టింది. గొర్రెలాయన ఉన్న మిషను ఒక్కటే మూలన మిగిలింది. దాని మీద కాయితాల కట్టలు పెట్టవద్దని మాత్రం మా తమ్ముడు పోట్లాడేవాడు.

పోయిన వానాకాలం మా తమ్ముడికి పక్షవాతం వచ్చింది. కుడికాలు కొంత తేరుకుంది, మాట సగం పోయింది, కుడిచెయ్యి చచ్చుబడింది. చేతిని వాడుతూ ఉండాలి, వాడకపోతే అట్లాగే బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. రబ్బరు బంతి ఇచ్చారు, పిసకలేదు. నాకు చెప్పినవాడికి నేను చెబుతానని పలకా బలపమూ పట్టుకొని కూర్చున్నాను. బలపం వేళ్ళలోంచి జారిపోయేది, వాడు నన్ను చూసేవాడు కాదు. ఒకరోజు గోడ పట్టుకొని తనంతట తానే మిషను దగ్గరికి పోయి, ఆ చేతిని ఎత్తి హ్యాండిలు మీద వేసుకున్నాడు. వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి. మా మరదలు జిరాక్సు వదిలేసి వచ్చి చూస్తూ నిలబడింది. కిందికి లాగి, గుండ్రంగా తిప్పి, నొక్కాడు. గొర్రెలాయన లేచాడు. అప్పటినుంచీ ఆ చేతికి అదొక్కటే పని. సంగతి తెలిసి శెట్టీ అల్లుడూ ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టారు, ఆడటానికి కొంత, తగువులాడుకోవడానికి కొంత.

మొన్న కూడా అదే జరుగుతున్నది. ఆటలో కొత్త భాగం వచ్చిందట, అది మిషన్లలోకి రానేలేదట, నేరుగా ఇళ్ళలోకే వచ్చిందట. శెట్టి దాన్ని చూపిద్దామని తన ఆట డబ్బాను కార్లో వేసుకొచ్చాడు.

"మిషనులో రానిది ఆట ఎట్ల అయితది?" అన్నాడు అల్లుడు. "పక్కన నిలబడి తిట్టేటోడు లేకుండా ఆడితే అదేం ఆట?"

"దుకాణాలే లేకపోతే మిషన్లు ఎవరికోసం చేయాల? నువ్వు కొంటావా ఒకటి, గొర్రెల దొడ్లో పెట్టుకుంటానికి?"

"పెట్టుకుంటా. నీ బట్టలకొట్టుకొచ్చేటోళ్ళ కంటే గొర్రెలు నయం, బేరమాడవు."

మా తమ్ముడు నవ్వాడు. నోరు ఒక పక్కకే పోతుంది గానీ అది నవ్వే. ఆ నవ్వు మొహాన ఉండగానే తెర ఆరిపోయింది.

మెకానిక్ భాయ్‌ని పిలిపించాం. వెనక చెక్క ఊడదీసి, టార్చి వేసి, చాలాసేపు చూశాడు. "ట్యూబు పోయింది. పోతా పోతా బోర్డును కూడా కాల్చింది. ఇట్లాంటివి ఇప్పుడు ఎక్కడా దొరకవక్కా" అన్నాడు. విజయవాడలో అని శెట్టి, చెన్నైలో అని అల్లుడు అంటూనే ఉన్నారు, భాయ్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చెక్కను తిరిగి బిగించాడు. బిగించే పని లేదు నిజానికి. ఊరికే పోవడానికి చేతులు రాలేదనుకుంటాను.

అప్పుడు శెట్టి కారు దగ్గరికి పోయి డబ్బా తెచ్చాడు. "దీంట్లో పాత భాగాలు కూడా ఉన్నాయన్నా. హ్యాండిలు కూడా అట్లాంటిదే కొన్నా, చూడు." ఇంట్లో టీవీని తెచ్చి మిషను ముందు బల్ల మీద పెట్టారు. తీగలు కలిపారు. బొమ్మ వచ్చింది, మేమెప్పుడూ చూడనంత తేటగా. అల్లుడు గొర్రెలాయనను వెతికి పెట్టి, "ఇదిగో మామా, ఈడున్నాడు" అని మా తమ్ముడి చేతిని హ్యాండిలు మీద ఉంచాడు. వేళ్ళు పట్టుకున్నాయి. మా మరదలు నా భుజం పట్టుకుంది. నేను ఊపిరి వదిలాను. ఇంకేం, గండం గడిచిందనుకున్నాను.

మా తమ్ముడు హ్యాండిలు కిందికి లాగి, గుండ్రంగా తిప్పి, నొక్కాడు. గొర్రెలాయన కింద కూర్చొని లేచాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ కూర్చొని లేచాడు, ఈసారి ఉత్తగాలిలోకి ఒక తాపు తన్నాడు. ఎదుటి మల్లుణ్ణి ఆడిస్తున్న అల్లుడు చేతులు ఆపేసి, వాణ్ణి గొర్రెలాయన పక్కనే ఊరికే నిలబెట్టాడు. మా తమ్ముడు తిప్పుతూనే ఉన్నాడు. తప్పు తన చేతిదనుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, నుదుట చెమట పట్టింది. చేతిది కాదు తప్పు, ఆ చెయ్యి సరిగ్గానే తిప్పుతున్నది, ఆ గదిలో ఉన్న అందరికీ అది తెలుసు.

ముందు నోరు విప్పింది శెట్టి. "ఎగురుతాడన్నా. ఎగిరేదే అసలుది. ఈ డబ్బాలోనే ఏదో తప్పుంది, నేను ఇంకోటి తెస్తా." జీవితమంతా కాదన్న మాటను వాడు అవునన్నాడు. అల్లుడు శెట్టి వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా శెట్టి నోట వినాలని తపించిపోయిన మాట అది. తీసుకోలేకపోయాడు.

"లేదు మామా. శెట్టి మొదట్నుంచీ చెప్పిందే నిజం. అసలుదాంట్లో ఎగరడు. మన మిషనులోనే ఎగిరినాడు" అన్నాడు.

ఎవరి మాట నమ్మాడో మా తమ్ముడు చెప్పలేదు. "ఎగరలే" అన్నాడు, అంతే. ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు పట్టుకొని, హ్యాండిలు మీదనుంచి తీసి, ఒడిలో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక దాని మీద ఎడమచెయ్యి కప్పాడు.

ఆదివారం నుంచి వాడు ఆ చేతిని ఒడిలోంచి కదిలించలేదు. మా మరదలు నూనె రాస్తుంది, నేను వేళ్ళు ఒక్కొక్కటే చాపుతాను. వదలగానే ముడుచుకుంటాయి. శెట్టి విజయవాడకు ఫోన్లు చేస్తున్నాడు. ఎక్కడన్నా అట్లాంటి బోర్డు ఉందా అని అల్లుడు ఆ దేశాలవాళ్ళను అడుగుతున్నాడట, ఇప్పుడు వాళ్ళు నవ్వడం లేదట, కానీ ఎవరూ చూసినవాళ్ళు లేరట. ఎవడో పేరు తెలియనివాడు ఎక్కడో కూర్చొని కెలికిన ఆట అది. వాడికైనా గుర్తుందో లేదో.

ఆ పూట ఆ గదిలో ఉన్నది మా తమ్ముడు, మా మరదలు, గిద్దలూరు శెట్టి, రాచర్ల అల్లుడు, పని లేకపోయినా పోకుండా గుమ్మంలోనే నిలబడిపోయిన మెకానిక్ భాయ్, నేను. ఇంతమందిమి ఉండి, పదకొండు గంటల పది నిమిషాలను ఒక్క నిమిషం కూడా వెనక్కి జరపలేకపోయాం.