అడగకుండా వచ్చిన పట్టణం

పొద్దున్నే చెత్త బండి పాట వినిపిస్తే నాకు సాంబయ్య పెద్దనాన్న గుర్తొస్తాడు. అరిగిపోయిన గొంతుతో హిందీలో శుభ్రత గురించి పాడుకుంటూ ఆ బండి మా వీధిలోకి మొదటిసారి వచ్చినప్పుడు, మా పక్కింట్లో కిరాణా కొట్టు నడిపే ఆయన ఉతికిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బండిలో వేయడానికి చెత్త లేకపోతే, కొట్టు ముందు మళ్లీ ఊడిపించి ఆ దుమ్మే వేయించాడు. బస్తర్ అడవిలో, బీజాపూర్‌కు దక్షిణంగా ఉన్న మా చిన్న ఊరు నగర పంచాయతీ కావడానికి అందరికంటే ఎక్కువ తిరిగింది ఆయన. అయ్యాక అందరికంటే ఎక్కువ బాధపడిందీ ఆయనే.

నేనిప్పుడు బడిలో పిల్లలకు చరిత్ర చెబుతున్నానంటే, ఆ ఇష్టం ఆయన కొట్టు అరుగు మీద పుట్టింది. ఆయన తాత ఉప్పు బండ్లతో నది దాటి వచ్చి, ఇప్పచెట్ల కింద బస్తాలు దించాడట. ఆ అడవి ఆదివాసులైన దోర్లవాళ్ల ఊరి పూజారి వచ్చి, "ఎవర్నడిగి దించినవ్?" అన్నాడట. తాత మారుమాట లేకుండా బస్తాలన్నీ తిరిగి బండ్లకెక్కించి, అప్పుడు అడిగాడట. పూజారి నేలతల్లికి కోడిని కోసి చోటు చూపించాడు. ఆ చోటే సంత అయింది. సంత చుట్టూ మా తెలుగువాళ్ల కొట్లు లేచాయి. అప్పట్నుంచి ఏటా విత్తనాల పండుగకు ముందు ఆ కొట్టు నుంచి పూజారి ఇంటికి దోసెడు ఉప్పు వెళ్లేది. "మనం అడిగి కూసున్నోళ్లం బిడ్డా, యాదుంచుకో" అనేవాడు పెద్దనాన్న, కాస్త గర్వంగానే.

అంత చెప్పిన మనిషి నగర పంచాయతీ మాట పుట్టేసరికి ఒళ్లు మరిచిపోయాడు. వర్తకుల చేత సంతకాలు పెట్టించి, జీపుల్లో వేలాడుతూ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. వీధుల్లో లైట్లు వెలగాలని, వానాకాలం సంతలో మోకాటి లోతు బురద పోవాలని ఆయన ఆశ. అందులో స్వార్థం లేదని ఇప్పటికీ నమ్ముతాను. ఆర్డరు వచ్చిన రోజు సంతంతా జిలేబీ పంచాడు. ఆ పాత పూజారి మనవడు, ఇప్పటి పూజారి జోగయ్య కూడా ఒకటి తిని, "టౌనయితే ఏమైతది సావుకారీ?" అని అడిగాడు.

"మంచే అయితది జోగన్నా."

ఎండాకాలం వచ్చింది. ఏటా చేసే చెరువు పూడిక పనికి జోగయ్య గూడెంవాళ్లు పలుగూ పారా పట్టుకుని వెళితే, ఉపాధి హామీ పని పల్లెలకే, మీది ఇప్పుడు పట్టణం అని ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. గూడెం కూడా పట్టణం హద్దులో పడిపోయింది మరి. గ్రామసభ లేకుండా పోయింది. గుడిసెలకు ఇంటి పన్ను వచ్చింది. పడుచువాళ్లు కూలి వెతుక్కుంటూ నది దాటిపోయారు. ఒక మధ్యాహ్నం జోగయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"మీ తాత ఉప్పు దించినంకనన్న అడిగిండు. నువ్వు మా ఊరే మారిస్తివి, ఒక్క మాట అడగకపోతివి."

పెద్దనాన్న తూస్తున్న తక్కెడ దించేశాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ గూడేన్ని తిరిగి పల్లెగా చేయమని అర్జీలు పట్టుకుని తిరిగాడు. పల్లె పట్టణమయ్యే దారే తెలుసు, వెనక్కి వచ్చే దారి మాకూ తెలియదని ఒక గుమాస్తా నవ్వాడట. తోటి వర్తకులు ఆయనకు మతి పోయిందన్నారు. గూడేనికి ఉప్పు పంపడానికి మాత్రం ఆయనకు మళ్లీ మొహం చెల్లలేదు. మంచం పట్టాక నన్ను పిలిపించి, "పిల్లలకు ఊరి కథ చెప్తవు గదా. ఉప్పు కాడ ఆపకు. నేను చేసింది గూడ చెప్పు" అన్నాడు.

ఆయన చనిపోయిన ఏడాది, పండుగ ముందు దోసెడు ఉప్పు నేనే తీసుకెళ్లాను. జోగయ్య దాన్ని ఆకులో పోయించుకుని మడిచి కట్టాడు.

"అడిగితే ఒద్దందుమా? మా గూడెం ఇడిసిపెట్టి టౌను చేసుకోండ్రి అందుము. గంతే గదా" అన్నాడు.

ఆ మాట వినాల్సిన మనిషి లేడు, విన్నది నేను. అందుకే ఏటా బడిలో ఊరి కథను ఆ మాట దాకా చెబుతాను. వినేవాళ్లలో గూడెం పిల్లలూ ఉంటారు.

బయట పాట దగ్గరై, మళ్లీ దూరమవుతోంది. చెత్త బండి మా వీధి చివరికి వెళ్లి వెనక్కి తిరుగుతుంది. గూడెం దాకా అది ఎన్నడూ పోలేదు.