మా హాల్లో మామయ్య పెట్టిన సముద్రం

మా మామయ్య పోయారు. చుట్టాలింట్లో పెళ్లికని మా ఆయనతో కలిసి కరీంనగర్ పక్క మా సొంతూరికి వెళ్లారు. పెళ్లి చూసుకుని, మర్నాడు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవారు మళ్లీ లేవలేదు. ఆ ఫోను వచ్చినప్పుడు నేను సూరత్‌లో, భేస్తాన్‌లోని మా ఫ్లాటులో, మామయ్య చెప్పి వెళ్లిన పనే చేస్తున్నాను. హాల్లోని ఉప్పునీటి అక్వేరియంలో తగ్గిన మేరకు మంచినీళ్లు పోస్తున్నాను. మా ఆయన ఒక్క మాటే అన్నాడు, "బాపు పోయిండు" అని. మగ్గు కింద పెట్టి, పక్కింటి గుజరాతీ ఆవిడకు తాళాలిచ్చి, దొరికిన రైలెక్కాను. అక్కడ జరగవలసినవన్నీ జరిగాయి. తిరిగొచ్చాక ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

నేను పెళ్లయి ఈ ఇంటికి వచ్చేసరికే అత్తమ్మ లేదు. మా ఆయనకు పర్వత్ పాటియా దగ్గర బట్టల మార్కెట్లో పని. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. నాది ఇంటి నుంచే చేసే కంప్యూటర్ ఉద్యోగం. పగలంతా ఇంట్లో మామయ్యా నేనూ మాత్రమే. ఆయన వయసంతా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద గడిచింది. ఆ చప్పుడు ఆయన చెవుల్ని తినేసింది. నేనేమో పెద్దవాళ్ల ముందు గొంతెత్తకూడదని పెరిగినదాన్ని. నేను మెల్లగా మాట్లాడితే ఆయనకు వినపడదు, వినపడేట్టు మాట్లాడటానికి నాకు నోరు రాదు. అన్నం పెడితే తలూపేవారు. తిన్నాక పళ్లెం తనే కడిగి బోర్లించేవారు. అలా నెలలు గడిచాయి.

ఒకసారి ఆయన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పోయిన వినికిడి ఇక రాదని, మిషన్ పెట్టుకోమని చెప్పారు. మామయ్య ఆ మాటకు పెద్దగా బాధపడినట్టు లేదు. బయట జనం కూర్చునే హాల్లో గోడవారన ఒక ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో పగడపు జీవులు నీటి కదలికకు మెత్తని వేళ్లలా ఊగుతున్నాయి. మా పని అయిపోయినా ఆయన దాని ముందు నుంచి లేవలేదు. చెవి మిషన్ నాలుగు పూటలు పెట్టుకుని డబ్బాలో దాచేశారు. అందులో కూడా సాంచాల చప్పుడే వినపడుతోందట.

తర్వాత ఒక పొద్దున ఫోను పట్టుకుని నా టేబుల్ దగ్గరకొచ్చారు. "అసొంటిది మనింట్ల పెట్టుకోవచ్చా బిడ్డా? గీయన ఏం జెప్తున్నడో జర చెప్పు" అన్నారు.

అది హిందీ వీడియో. నేను ఆయన చెవి దగ్గరికి వంగి, గట్టిగా, ముక్క ముక్కగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రాళ్లు పేర్చి ఉప్పునీళ్లు నింపగానే చేపల్ని వదలకూడదు. ముందు ఆ నీళ్లలో ఒక విషం పుడుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్లలో పెరిగేదాకా ఆగాలి. ఆ విషం పేరు అమ్మోనియా. మామయ్యతో నేను ఇల్లంతా వినపడేట్టు అరిచిన మొదటి మాట అదే. ఏం జరిగిందోనని పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది. ఆయన నవ్వారు. ఆయన నవ్వగా చూడటం కూడా నాకు అదే మొదలు.

గాజు తొట్టి చేయించారు. తను పనిచేసిన పాత ఖార్ఖానా పక్కన వెల్డింగు చేసే మనిషితో ఇనుప స్టాండు కొట్టించారు. పొడి రాళ్లు కడిగి, గుహలా పేర్చి, కూల్చి, మళ్లీ పేర్చారు. నీలం డ్రమ్ములో ఫిల్టరు నీళ్లు పట్టి, దుకాణంలో దొరికే సముద్రపు ఉప్పు పోసి, కర్రతో కలిపేవారు. ఉప్పు ఎంతుందో చూసే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. దాని గాజు మీద చుక్క నీరు వేసి, వెలుతురు వైపు తిప్పి, ఒక కన్ను మూసి చూడాలి. మామయ్య బాల్కనీలో అలా నిలబడితే కింద పిల్లలు ఆకాశంలో ఏముందా అని పైకి చూసేవారు.

వారాల తరబడి ఆ తొట్టిలో రాళ్లూ నీళ్లూ తప్ప ఏమీ లేవు. అద్దాలకు గోధుమరంగు నాచు పట్టింది. వచ్చినవాళ్లంతా చేపలేవని అడిగేవారు. "ముందుగాల నీళ్లు తయారు గావాలె. చేపలు ఆగుతయి" అనేవారు ఆయన. ఆ రోజుల్లో నాకు ఈ ఊరు పట్టుబడటం లేదు. కూరగాయల బండి దగ్గర గుజరాతీ అర్థంకాక ఉత్త సంచితో తిరిగొచ్చిన రోజు, ఆయన నా ముఖం చూసి, తొట్టి వైపు చెయ్యి చూపించి, "కొత్త నీళ్లు. టైం వడ్తది" అని మాత్రం అన్నారు. మర్నాటి నుంచి బండి దగ్గరికి ఆయన కూడా వచ్చేవారు. బేరం నన్నే చేయనిచ్చి, తను వెనక నిలబడేవారు.

తప్పులు కూడా చేశారు. నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోశారు. నాచు తినడానికి తెచ్చిన నత్తలన్నీ చచ్చిపోయాయి. దుకాణం అతను విని తల పట్టుకున్నాడు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది, కాబట్టి ఉత్త మంచినీళ్లే పోయాలన్నాడు. మామయ్య రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఆ తర్వాత ఆ సంగతే ఆయనకు సామెత అయిపోయింది. నేను పని ఎక్కువై నిద్రలేక చాయ్ మీద చాయ్ తాగుతుంటే గ్లాసు తీసి పక్కన పెట్టి, "నిద్ర పోయింది. నిద్రే పొయ్యాలె, చాయ్ గాదు. ఏది పోతె అదే పొయ్యాలె బిడ్డా" అనేవారు.

చివరికి తెల్ల పట్టీల నారింజ రంగు చేపలు రెండు వచ్చాయి. కొన్నాళ్లకు ఒక పగడపు ముక్క కూడా. సముద్రంలోంచి పీకింది కాదని, తొట్టెల్లోనే పెంచిందని దుకాణం అతనితో రెండుసార్లు చెప్పించుకున్నాకే తెచ్చారు. అది విప్పుకున్న సాయంత్రం మా ఆయనకు ఫోను చేసి తొందరగా రమ్మన్నారు. నీళ్లు తిప్పే పంపు నడుస్తోందో లేదో ఆయనకు చెవితో తెలియదు. తొట్టిని దాటినప్పుడల్లా గాజు మీద అరచెయ్యి ఆనించి, అదురు తెలుస్తోందా అని చూసేవారు.

ఒక ఎండాకాలం కామ్‌రేజ్‌లో బంధువుల నిశ్చితార్థానికి వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చాం. మామయ్య చెప్పులు విప్పుతూనే గాజు మీద చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయారు. పొద్దుననగా పోయిన కరెంటు ఇంకా రాలేదు. నీళ్లు వేడెక్కాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పగడం ముడుచుకుపోయి చిన్న మూటలా ఉంది. మా ఆయన పరుగెత్తి ఐసు తెచ్చాడు. సంచుల్లో కట్టి నీళ్ల మీద తేలేశాం. గాలి కలవడానికి మగ్గుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోయాలి. మామయ్యా నేనూ వంతులవారీగా పోస్తూనే ఉన్నాం. భుజాలు పట్టేశాయి. రెండు చేపల్లో పెద్దది మా కళ్ల ముందే పక్కకు ఒరిగింది. ఆయన దాన్ని తీసి, గుడ్డలో పెట్టి, మళ్లీ మగ్గు అందుకున్నారు. అప్పుడు, నా వైపు చూడకుండానే మాట్లాడారు.

"ఇన్నేండ్ల సంది సూరత్‌ల ఉన్న. సముద్రం గీ పక్కనే అని తెల్సు. ఒక్కనాడు నిలవడి చూడలే. సెలవు దొరికితే పండుకునుడే ఆయె. మీ అత్తమ్మ పోదాం పోదాం అనేది. పోదాం తియ్ అంటుంటి."

నేను ఆయన చెవి దగ్గరికి వంగాను. "మనం పోదాం మామయ్యా" అన్నాను. ఆయన తలూపారు. సాయంత్రానికి కరెంటు వచ్చింది. రెండో చేప బతికింది. పగడం మళ్లీ విప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఆ ఆదివారమే ముగ్గురం డుమస్ బీచికి వెళ్లాం. సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ అది. నల్లటి తడి నేల చాలా దూరం పరుచుకుని ఉంది. మేమిద్దరం టమాట భజియాల బండి దగ్గర ఆగిపోయాం. మామయ్య ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చంకలో పెట్టుకుని, ఒక్కరే నడుచుకుంటూ నీళ్ల దాకా వెళ్లారు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. మాకు ఆయన వీపు మాత్రమే కనిపించింది.

తిరిగి వస్తూ మధ్యలో ఆగి కిందికి వంగారు. ఆ బురదలో రెక్కల మీద పాకే చిన్న చిన్న చేపలుంటాయి, అడుగుల చప్పుడు తగిలితే బొరియల్లోకి దూరిపోతాయి. ఆయన అలా వంగే ఉండి, చప్పుడు చేయొద్దన్నట్టు ఒక వేలు పెదాల మీద పెట్టుకుని, రెండో చేత్తో మమ్మల్ని రమ్మని పిలుస్తూనే ఉన్నారు.