మూడో కేక

1988 వేసవిలో గురజాల మేజిస్ట్రేటు కోర్టులో ఒక కేసుకు నన్ను ఉచిత న్యాయ సహాయ వకీలుగా వేశారు. ముద్దాయిలు రెంటచింతల దగ్గరి రైతు దంపతులు. గొంతు కాన్సరు బాధ ఓర్వలేక శౌరమ్మ పత్తికి కొట్టే మందు తాగి, బతికింది. అది ఆమె మీద కేసు. అడిగితే డబ్బా అందించాడని భర్త చిన్నపరెడ్డి మీద కేసు.

ఆత్మహత్యా యత్నం నేరమనే సెక్షను చెల్లదని అప్పటికే వేరే రాష్ట్రపు హైకోర్టు కొట్టేసింది. చెల్లుతుందని మన హైకోర్టు అంది. తీసేయాల్సిన పార్లమెంటేమో ఉలకదు, పలకదు. ఆ మొదటి తీర్పు పట్టుకుని నేను గొంతు చించుకుంటే, మన హైకోర్టు మాట దాటే అధికారం తనకు లేదన్నారు మేజిస్ట్రేటు గారు. నిజమే, లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ప్రతి వాయిదాకూ బంట్రోతు వరండాలో నిలబడి ముద్దాయి పేరు మూడుసార్లు కేకేస్తాడు. పలక్కపోతే వారంటు. శౌరమ్మ మొదటి రెండు కేకలకూ కదిలేది కాదు. గొంతు పెగలదు గనుక, మూడో కేకకు చేతికర్రతో నాపరాయి మీద టకటకా కొట్టేది. ఆ చప్పుడుకి వరండాలో మాటలన్నీ ఆగిపోయేవి. ముందే పలకొచ్చుగా అని ఒకసారి విసుక్కున్నాను.

"మొదటి రెండూ సావు పిలిసేదంటారు సార్ మా కాడ. మూడోదే మనుషులది," అన్నాడు చిన్నపరెడ్డి.

జూన్ వాయిదా నాడు ఆమె నన్ను సైగ చేసి పిలిచింది. వంగి చెవి ఒగ్గాను.

"నే సస్తే ఈయనకి పదేళ్ళంట గదా. పోలీసాయన సెప్పాడు."

ఆ మందు వల్ల చనిపోతేనే ఆ పెద్ద సెక్షనని, రోగంతో పోతే ఆయనకు అది తగలదని, డాక్టరు కాగితం చాలని చెప్పాను.

"ఈ మాట ముందే సెప్పకపోతివేందయ్యా! ఇన్నాళ్ళూ అందుకే గదా ఉండా."

నవ్వింది కూడా.

తర్వాతి వాయిదాకు బంట్రోతు కేకేశాడు. ఒకటి. రెండు. మూడో కేకకు నాపరాయి మీద టకటకా అదే చప్పుడు. తిరిగి చూశాను. ఆ కర్ర పట్టుకుని చిన్నపరెడ్డి ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"మీతో మాట్టాడొచ్చిన రోజే గంజి ఒద్దంది సార్. వారం తిరక్కుండానే పోయింది. దాని పేరు పిలుస్తా ఉంటే ఊరుకోలేకపోయా."

రోగంతోనే పోయిందని డాక్టరు రాసిచ్చాడు. మరణ ధ్రువపత్రం దాఖలు చేశాక ఆమె మీద కేసు ముగిసింది. చిన్నపరెడ్డి నేరం ఒప్పుకుంటే ఆ సాయంత్రం కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోమని శిక్ష వేశారు. కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బంట్రోతు ఎవరిని పిలిచినా మూడో కేకకు తలెత్తేవాడు.

శౌరమ్మకు నేను చెప్పిన చట్టం అక్షరాలా సరైనదే. అయినా ఆ తర్వాత చట్టం అడిగిన ఎవరికీ వెంటనే జవాబు చెప్పలేదు. అది తెలుసుకుని ఏం చేయబోతున్నారని ముందు అడిగేవాణ్ణి.