మారని నంబర్

ప్రేమ్‌సాగర్‌కు ఇరవై మూడేళ్లు. తాండూరులో నాపరాళ్ల యూనిట్‌లో కోత మిషన్ నడుపుతాడు. రంపం తిరిగితే చాలు, నీళ్లూ రాతిబురదా మొహాన కొడతాయి. కళ్లద్దాలు తుడుచుకోవడమే సగం పని. రెండు నెలల కింద బండలు వంకరగా తెగితే, కోతకు గుర్తుగా గీసిన సుద్ద గీతే వంకరని యజమాని సేఠ్‌తో చెప్పాడు. సుద్ద గీత నీళ్లకు కొట్టుకుపోతుంది, తప్పెవరిదో తేలదు. గీతలు గీసే ముసలి బిచ్చయ్యను సేఠ్ బండలు మోసే పనికి పంపాడు. గీసే మనిషి మారినా బండలు మాత్రం వంకరగానే తెగుతున్నాయి. ఇంకొక్కటి చెడితే మిషన్ దిగాల్సిందేనన్నాడు సేఠ్.

అప్పుడు పడింది నెపం కళ్లద్దాల మీద. కళ్లకు లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే ఈ అద్దాల పీడ వదులుతుంది, మిషన్ దక్కుతుంది.

"జర ఆగరాదు. కండ్లు బండలా, ఒకటి పగిలితె ఇంకోటి తెచ్చుకుంటందుకు?" అంది భార్య రెబెక్క.

"అద్దాల నంబర్ మారకపోతె చేస్తరంట. నాది మూడేండ్ల సంది గదే నంబర్," అన్నాడతను ధీమాగా.

ఇద్దరూ రైలెక్కి వికారాబాద్‌లో కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ప్రేమ్‌సాగర్ అద్దాల షాపు చీటీలు ఆరూ బల్ల మీద పరిచాడు. అన్నింటిమీదా ఒకటే నంబర్.

"ఇవి అద్దాలు కొన్న చీటీలు. కళ్లు పరీక్ష చేయించుకున్నదెప్పుడు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మూడేండ్ల కింద," అన్నాడతను. రాతిపొడికి అద్దాల మీద ఆరు నెలలకే గీతలు పడతాయి. షాపులో పాతవి పెట్టి, "గదే నంబర్ ఏసియ్యి" అనడం యూనిట్‌లో అందరికీ అలవాటే. పరీక్షలంటూ సగం రోజు కూలి ఎవరు పోగొట్టుకుంటారు? మూడేళ్లుగా నిలకడగా ఉన్నది చీటీ, కన్ను కాదు.

పరీక్ష చేస్తే రెండు కళ్లకూ నంబర్ ఒకటింబావు పెరిగింది. "ఇప్పుడు చేస్తే మళ్లీ అద్దాలు రావచ్చు. ఆరు నెలలకోసారి చూపించుకో. నంబర్ నిలబడ్డాక ఆలోచిద్దాం," అందామె.

తిరుగు రైల్లో అతని మనసు మనసులో లేదు. పట్నంలో ఇంకెవరైనా ఇప్పుడే చేస్తారేమో? చేసినా, పెరిగే నంబర్ ఆగుతుందా? ఆగే వరకూ ఆగాల్సిందేనని ఒప్పుకునేసరికి తాండూరు దగ్గరపడింది.

"నంబర్ గింత పెరిగిందంటె," అంది రెబెక్క మెల్లగా, "గా బిచ్చయ్య తాత గీతలు..."

అతను కిటికీ వైపు తిరిగాడు. ఆ మాట తనకూ తట్టింది. తట్టినందుకే సిగ్గేసింది.

మూడో రోజు కొత్త అద్దాలతో మిషన్ ముందు నిలబడ్డాడు. బండ మీద సుద్ద గీత తీగలాగా ఉంది. దాని పక్కనే రాతిలోని సహజమైన చార. ఇన్నాళ్లూ తను గీతనుకుని కోసింది ఆ చారనే. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. మిషన్ ఆపి, తప్పు తనదేనని చెప్పడానికి సేఠ్ దగ్గరికి నడిచాడు.

సాయంత్రం నొప్పెడుతున్న భుజం పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏమన్నడు సేఠ్?" అంది రెబెక్క.

"ఆరు నెలలు నన్ను బండలు మొయ్యమన్నడు. తాతను మళ్ల గీతలకు పెట్టిండు."

"తాత ఏమన్నడు?"

"సుద్ద పట్టుకొని నా దిక్కు చూసిండు." అతను అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆయన మొఖం మస్తు సాఫ్‌గ కనవడ్డది, రెబెక్కా."