సిగ్నల్ దగ్గర తీసిన ఫోటో

ఈ రోజు మస్కట్‌లో ఎర్ర సిగ్నల్ దాటాను. అది చాలదన్నట్టు దాని మీద ఒక అబద్ధం కూడా ఆడాను.

మేముండే మబేలా పేటలో, పక్కనున్న అరబ్బుల ఇంట్లో పనిచేసే కడప రమణమ్మకు చాన్నాళ్ళకు సెలవు దొరికింది. శుక్రవారం కదా అని మా ఆవిడా నేనూ ఆమెను గుడికి తీసుకెళ్తున్నాం. కొత్త చీర కట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుంది. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని పసుపు లైటు చూసి కూడా ఆగకుండా తొక్కాను. అంతలోనే లైటు ఎర్రబడింది, వెనక స్తంభం మీది కెమెరా తళుక్కుమంది.

రమణమ్మ గబుక్కున కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది.

"ఫోటో తీసినారా అన్నా? నాకొకటి ఇప్పించు. వచ్చినప్పట్నుంచి మా పాపకు నా ఫోటో ఒకటి గూడా పంపలేదు."

తప్పు చేశానని చెప్పడానికి నామోషీ అనిపించింది. "అలాగేలే, అడుగుతాను" అనేశాను. ఆ కెమెరాకు కావలసింది నా నంబరు ప్లేటే గానీ రమణమ్మ మొహం కాదు.

సాయంత్రం వాళ్ళ గేటు దగ్గర దింపుతూ, మనసొప్పక నా సెల్‌ఫోన్ తీశాను.

"అలా నిలబడమ్మా, ఒక ఫోటో తీస్తాను."

"ఇప్పుడొద్దన్నా, మొగమంతా వాడిపోయింది. పొద్దున తీసిండేదే బాగుంటాది, అదే పంపిస్తా" అని నవ్వుతూ లోపలికి పోయింది.

జరిమానా కట్టేస్తాను సరే, ఆ ఫోటో ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను? మీకేమైనా ఉపాయం తోస్తే రాయండి. నిజం చెప్పేయమని మాత్రం అనకండి, అది నాకూ తెలుసు.