కోరల మాస్టారు, వాళ్ళ అక్క

ఆ వీధిలో కోరల మాస్టారు చీమకైనా హాని తలపెట్టే మనిషి కాదు. నోట్లో పళ్ళు కూడా సగం ఊడిపోయాయి. "పళ్ళన్నీ మీ కథల్లో దొరకిచ్చేసి తమరు బోసినోటితో మిగిలారు మాస్టారూ!" అని ఇస్త్రీ చేసే అతను ఆటపట్టిస్తే, "దానం చేశానయ్యా, పుణ్యం వస్తుందని" అని నవ్వేవారు.

టైపు నేర్పే స్కూలు మూతపడ్డాక ఆయన కోరలదొర నవలలు మొదలుపెట్టారు. కోరలదొర రక్తం తాగి బతికే పిశాచి. నగరంలో హత్య జరిగితే ఒక ఇన్‌స్పెక్టరమ్మ అతన్ని పిలుస్తుంది. పోయినవాడి నెత్తుటి చుక్క నాలుకకు తగిలితే చాలు, చంపినవాడి ముఖం దొర కళ్ళకు కడుతుంది. పిశాచే గానీ అబద్ధమాడడు. ఏళ్ళ తరబడి, పుస్తకం తరవాత పుస్తకం, హంతకుడు చివరి పేజీకి కటకటాల వెనక్కి చేరుతూనే ఉన్నాడు.

ఆ కథలు పుట్టింది అక్క కోసం. ఆమె భర్త ఒక గోడౌన్లో వాచ్‌మన్. ఒకనాడు తెల్లారేసరికి గేటు పక్కన తల పగిలి పడి ఉన్నాడు. పోలీసులు వచ్చారు, చూశారు, వెళ్ళారు. ఎవరు కొట్టారో ఈనాటికీ తెలియదు. అక్క తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. ఎవరినీ శపించలేదు. పొద్దున్నే చేతులు జోడించి, "వాణ్ణి శిక్షించమని అడగను స్వామీ, ముఖం ఒక్కసారి చూపించు" అని మాత్రం అడిగేది. దేవుడు చూపించలేదు. తమ్ముడు తనకు చేతనైనట్టు పిశాచి చేత చూపించాడు, వేరే వేరే పేర్లతో.

ఆమె బట్టలు మడతపెడుతూ ఆధారాలు చెప్పేది. "చంపినవాడు ఎడమచేతివాటమైతే తాళం మీద గీత ఇటు పడుతుంది కదరా!" ఆయన కిటికీ దగ్గర కూర్చుని టైపు కొట్టేవారు. అచ్చయిన మొదటి ప్రతి ఆమెదే. భూతద్దం పెట్టుకుని అక్షరం వదలకుండా చదివేది.

"మీ బావ కేసు ఎప్పుడు రాస్తావురా?"

"అది ఆఖరి పుస్తకం అక్కా."

వాయిదా వేయడానికి కారణం ఆయనకే తెలుసు. ఆ హంతకుడికి ఎవరి ముఖం పెట్టాలి?

ఇంతలో పబ్లిషరు పిలిచాడు. "శవాలు చాలు మాస్టారూ. ఇప్పుడు చదివేది ఆడపిల్లలు. ఎవరు చంపారన్నది వాళ్ళకి అక్కర్లేదు, దొరా ఇన్‌స్పెక్టరమ్మా ఎప్పుడు కలుస్తారన్నదే కావాలి."

"ఆయన పిశాచి కదండీ, పోలీసు పిల్ల ఎలా చేసుకుంటుంది?"

"మా ఆవిడ నన్ను చేసుకోలేదూ?"

అక్కణ్ణుంచి హత్యలు సగం పుస్తకానికీ, తరవాత ఒక్క అధ్యాయానికీ కుదించుకుపోయాయి. మాస్టారు ఈ వయసులో వెన్నెలా నిట్టూర్పులూ నేర్చుకున్నారు. "వీళ్ళిద్దరూ మేడమీద కబుర్లాడుతూ కూర్చుంటే స్టేషన్లో కేసులెవరు చూస్తార్రా?" అని అక్క విసుక్కునేది. ఆధారాలు చెప్పడం మానేసింది. అడిగేవాళ్ళు లేరు.

ఆమె చూపు ఆనడం తగ్గాక ఒకరోజు తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఈ కాస్త వెలుగూ ఉండగానే రాసెయ్యరా. ఎవరి ముఖమైనా పెట్టు. అబద్ధమని తెలుసు. అయినా వాడు దొరికాడని ఒక్కసారి నా కళ్ళతో చదువుకుంటాను."

మాస్టారు రాశారు. బావ చొక్కాకు అక్క ఆకుపచ్చ దారంతో కుట్టిన వేరే రకం గుండీ దగ్గర మొదలుపెట్టారు. హంతకుడు ఒక లారీ దొంగ. దొర ముందు మోకాళ్ళమీద కూలబడి ఒప్పుకున్నాడు.

పబ్లిషరు చెడ్డవాడు కాదు. చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "బ్రహ్మాండం మాస్టారూ. కానీ ఆ దొంగను తీసెయ్యండి. పూర్వం దాహం పట్టలేక దొరే చంపాడని పెట్టండి. అది తెలిసి ఇన్‌స్పెక్టరమ్మ భగ్గుమంటుంది, చివరికి క్షమిస్తుంది. ప్రేమంటే అదీ!"

మాస్టారు చేతులు జోడించారు. "ఇదొక్కటీ వదిలెయ్యండి బాబూ."

"వదిలేస్తే దొరకి ఇదే ఆఖరు. లేదా ఇంకొకరితో రాయించుకుంటాను."

ఇంటికి వచ్చి ఆయనే మార్చారు. ఇది బావ కథ కాదని, దాన్ని ఇంకా రాయలేదని అక్కకు చెప్పుకోవచ్చనుకున్నారు. గోడౌన్‌ను బ్యాంకు చేశారు. బావను ముసలివాణ్ణి చేశారు. గుండీ దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళ రాతలో అంత మంచి వాక్యం మళ్ళీ పడలేదు. దాన్ని కొట్టెయ్యడానికి మనసొప్పలేదు.

ప్రెస్సులో ప్రూఫులు చూసే అమ్మాయి మంచిది. అక్కయ్యగారు ఎదురుచూస్తుంటారని, జిగురు తడి ఆరకముందే మొదటి ప్రతి తెచ్చి ఆమె చేతికిచ్చి వెళ్ళింది. మాస్టారు అప్పుడు అక్కకే కళ్ళమందు తేవడానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పుస్తకం మూసి ఉంది.

"గుండీ ఉందిరా. ఆకుపచ్చ దారం కూడా ఉంది."

"అక్కా..."

"దొర చంపాడు. ఆమె క్షమించింది." అక్క గొంతులో కోపం లేదు. "క్షమించడానికి మీ బావ ఆమెకేమవుతాడ్రా?"

మాస్టారు మందుసీసా ఆమె పక్కన కిటికీలో పెట్టారు. ఆ రోజూ మర్నాడూ ఆమె వేళకు తమ్ముడికి అన్నం పెట్టింది. చల్లారిపోతోంది తినమంది. తాను మాత్రం ముద్ద కలిపి పక్కన పెట్టేసింది.

వారం తిరగకుండా పక్క వీధి నుంచి కాలేజీ పిల్ల ఒకతె కొత్త పుస్తకం గుండెకు హత్తుకుని, సంతకం కోసం పరిగెత్తుకొచ్చింది. "మాస్టారూ, ఏడ్చేశానండీ! పాపం దొర! ఆ కాపలా ముసలాడు చావబట్టి కానీ, లేకపోతే వాళ్ళిద్దరూ కలిసేవాళ్ళే కాదు కదా!"

మాస్టారి చేతిలో కలం కదల్లేదు. అక్క లేచి ఫ్యాను వేసింది. "కూర్చో తల్లీ, ఎండన పడి వచ్చావు" అని మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"మీరూ చదివారా పెద్దమ్మా?"

"చూపు ఆనదమ్మా నాకు."

పిల్ల ముఖం జాలితో నిండిపోయింది. ఉన్న ఊళ్ళో ఇంత మంచి కథ అందని మనిషి ఉండడం ఆ పసిదానికి అన్యాయమనిపించింది. "అయ్యో! ఉండండి, నేను చదివి వినిపిస్తాను. నాకేం పనిలేదు పెద్దమ్మా, ఎంతసేపైనా చదువుతాను."

వద్దమ్మా అనబోయారు మాస్టారు. అంత ప్రేమగా అడిగినదాన్ని కాదనడం అక్కకు జన్మలో చేతకాలేదు. మంచం మీద జరిగి పిల్లకు చోటిచ్చింది. పిల్ల నీళ్ళ గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, మొదటి పేజీ తీసింది.