బెంజిమిన్ మాస్టారు, టెంపరరీ ఫైళ్ళు

బెంజిమిన్ మాస్టారు అడక్కుండా దేన్నీ పారేయరు. ఆఖరికి కంప్యూటర్లో చెత్తను కూడా.

కామర్సు లెక్చరర్‌గా రిటైరయ్యాక మాచర్లలో ఆయన తనకు తాను ఇచ్చుకున్న ఉద్యోగం ఒకటుంది. ఊళ్ళో పాత కంప్యూటర్లలో పేరుకుపోయిన టెంపరరీ ఫైళ్ళు తీసిపెట్టడం. ఎవరైనా ఎదురైతే లోకం "అన్నం తిన్నారా?" అంటుంది. ఆయన "టెంప్ తీశారా?" అంటారు. తీయలేదన్నారో, మధ్యాహ్నం మీ ఇంట్లోనే.

శేషారత్నం ఇంటికి ఆయన అలాగే వచ్చారు. ఆవిడ ఇంట్లోనే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ నడుపుతుంది. ఒక స్కూలు వాళ్ళు యూనిఫాం జేబుల మీద కుట్టే బ్యాడ్జీకి శాంపిల్ అడిగారు. సాయంత్రంలోగా చూపిస్తే ఏడాది పని ఈవిడది, లేకపోతే గురజాలలో ఇంకొకరిది. సరిగ్గా ఆ రోజే మిషన్ పక్కనున్న ముసలి కంప్యూటర్ "డిస్కులో చోటు లేదు" అని మొరాయించింది.

"పెళ్ళి నాడే పిల్లికి జలుబు! లహరీ, అన్నయ్యగారిని కూచోబెట్టవే, నేను దారాలు తెచ్చుకుంటా" అని ఆవిడ బజారుకి వెళ్ళింది.

కోడలు లహరి ఆయన పక్కన కూచుంది. పది నిమిషాల్లో ఆమెకు ఆవలింతలు మొదలయ్యాయి.

మాస్టారు ముందు తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే మూశారు. తరవాత టెంప్ ఫోల్డర్ తెరిచి, ఫైళ్ళను తేదీల వారీగా పేర్చి, కళ్ళంలో మిరపకాయల్లో తాలు ఏరే మనిషిలా ముందుకి వంగి కూచున్నారు.

"ఇది నీదేనా తల్లీ?"

"కాదు మాస్టారూ. అది నిరుడు వేసిన ప్రింటరుది."

"మీ అత్తయ్యది కాదుగా?"

"ప్రింటరుది అంటున్నాగా!"

"సరే, రీసైకిల్ బుట్టలో వేద్దాం. పారేయొద్దు. నాలుగు రోజులు బుట్టలోనే ఉండనీ. ఎవరూ అడక్కపోతే అప్పుడు చూద్దాం."

"బుట్టలో ఉంటే చోటేం ఖాళీ అవుద్ది మాస్టారూ?"

"చోటుకేం తొందర? ముందు నష్టం జరక్కూడదు." ఆయన ఇంకో ఫైలు మీద బాణం గుర్తు పెట్టారు. "ఇది నీదేనా?"

మాచర్ల వచ్చిన రైలు ఇక ముందుకి పోదు. మాస్టారి చేతిలో మౌసూ అంతే అనుకుంది లహరి.

అంతలో ఆయనకు ఫోనొచ్చింది. మొబైల్ షాపు దావూద్. మాస్టారు వరండాలోకి వెళుతూ "నేనొచ్చేదాకా ఏదీ తీయకు, బుట్ట జోలికి అసలే పోకు" అన్నారు. బయటినుంచి ఆయన గొంతు నింపాదిగా వినిపిస్తూనే ఉంది: "ముందు అన్నీ మూసెయ్ నాయనా... మూశావా?... మళ్ళీ చూసుకో..."

లహరి ఆయన మాటల్లో రెండోదే విన్నది. బుట్ట జోలికి పోలేదు. ఫోల్డర్లో ఉన్నదంతా ఒక్కసారిగా ఎంచుకుని డిలీట్ నొక్కింది.

దారాలతో తిరిగొచ్చిన శేషారత్నం కంప్యూటర్ ముందు కూచుని బ్యాడ్జీ డిజైన్ తెరవబోయింది. లేదు. ఇంకో చోట వెతికింది. లేదు.

"ఏమే, నా బ్యాడ్జీ ఏదే?"

లహరి ఖాళీ అయిన టెంప్ ఫోల్డర్ వైపు చూసింది. టెంప్‌లో బ్యాడ్జీ ఎందుకుంటుంది? ఉంది మరి. స్కూలు వాళ్ళు మెయిల్లో పంపిన డిజైన్ని ఈవిడ వేరే చోట దాచుకోకుండా, మెయిల్లోంచే తెరిచి, మార్పులు చేసిన ప్రతిసారీ అలాగే సేవ్ కొడుతూ వచ్చింది. అదంతా వెళ్ళి టెంప్‌లో కూచుంది. మన ఇళ్ళలో ఏదైనా చెడితే ముందు జరిగేది మరమ్మతు కాదు, విచారణ. లహరి ఆ విచారణకు సిద్ధపడి నోరు తెరిచింది.

"నేనే తీశానమ్మా" అన్నారు గుమ్మంలోంచి మాస్టారు. "వయసు మీదపడింది. చూసుకోలేదు."

శేషారత్నం లేచి నిలబడింది. "చూసుకోలేదా! చానా బాగుంది అన్నయ్యా! చెత్త తీయమంటే కొంప తీస్తావా? నీకు పాఠాలు చెప్పే ఉద్యోగం ఎవరిచ్చారో గానీ!"

"నిజమేనమ్మా."

"నిజమేనంట!"

మాస్టారు తల వంచుకుని కూచుని బుట్ట తెరిచారు. అక్కడా తేదీల వారీగా పేర్చి, అక్కడా ఆగి అడిగారు. "ఇది నీదేనా తల్లీ?" ఆ ప్రశ్నకి లహరి ఈసారి ఆవలించలేదు. బ్యాడ్జీ దొరికింది. వెనక్కి తెచ్చి, దానికో సొంత ఫోల్డర్ చేసి పెట్టారు. ఎవరెక్కడ సేవ్ చేశారన్న ఊసే ఎత్తలేదు. ప్రింటరు తాలూకు పాతవి మాత్రం లహరిని మళ్ళీ అడిగి శాశ్వతంగా తీసేశారు. చోటు ఖాళీ అయింది. మజ్జిగ తాగి, ఇంకో రెండు చీవాట్లు తిని వెళ్ళిపోయారు.

మిషన్ టకటకలాడటం మొదలుపెట్టింది. బట్ట మీద బ్యాడ్జీ అంచు కనిపించాక లహరి ఉండబట్టలేకపోయింది.

"అత్తయ్యా, అది మాస్టారు తీయలేదు. నేనే."

"తెలుసులేవే."

"తెలుసా?"

"నేను బజారుకి పోయొచ్చేలోపు అంతా ఖాళీ అయిందంటే అది అన్నయ్య పనా? ఆయన తీస్తే ఈపాటికింకా ప్రింటరు దగ్గరే ఉండేవాడు."

"మరి ఆయన్ని అన్ని మాటలెందుకన్నారు?"

శేషారత్నం దారం తెంపి కొత్త రంగు ఎక్కించింది. "పాపం, అంత కష్టపడి అబద్ధం ఆడాడు. నమ్మకపోతే బాగుంటదా? నువ్వు కూడా ఎక్కడా అనమాకు. రేపు ఇంకో ఇంట్లో ఇంకో కోడలు నొక్కితే ఆ పిల్లకెవరు దిక్కు?"